తోరం కట్టిన తుపాకి

మా ఇంట్లో ఒకప్పుడు పదకొండు తుపాకులుండేవి. ఈ మాట ఎవరితోనైనా అంటే ముందు నవ్వుతారు, తర్వాత మా ఆయన వైపు చూస్తారు, ఆ తర్వాత ఇంకా గట్టిగా నవ్వుతారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆయన గొడుగు పట్టుకున్నా ఎవరిదో పొరపాటున తెచ్చినట్టుంటుంది. సన్నగా, పొడుగ్గా, వేసవిలో కూడా మెడకి మఫ్లర్ చుట్టుకుని, బొద్దింక కనబడితే నన్ను కేకేసే మనిషి. కోడికూర తింటారు గానీ కోడిని కోస్తుంటే చూడలేరు. ఉద్యోగం మత్తు డాక్టరు. ఆపరేషన్‌కి ముందు మనుషుల్ని నిద్రపుచ్చడం ఆయన పని. ఆ పని ఇంట్లో కూడా మాటలతో చేయగలరని పెళ్ళయిన వారానికే నాకు తెలిసింది.

డెబ్బైల చివర్లో మేం వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక బొగ్గుగనుల ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇక్కడ పుట్టిన డాక్టర్లెవరూ రావడానికి ఒప్పుకోని ఊళ్ళకి మాలాంటి వాళ్ళని పంపేవారు. ఒక ట్రాఫిక్ లైటు, రెండు చర్చిలు, ఒక ఆస్పత్రి, ఒక హార్డ్‌వేర్ కొట్టు. నవంబర్లో జింకల వేట మొదలైన రోజు బడికి సెలవిచ్చేవారు. ఆస్పత్రి క్యాంటీన్లో సర్జన్ దగ్గర్నుంచి నేల తుడిచే ఆయన దాకా అందరిదీ ఒకటే మాట, ఎవరి తుపాకికి ఎన్ని కొమ్ముల జింక పడిందని. మా ఆయన దగ్గర చెప్పుకోవడానికి చింతకాయ పచ్చడి తప్ప ఏమీ లేదు. నెల్లాళ్ళు ఓర్చుకుని, ఒక శనివారం మంచు తోసే పార కొనడానికని వెళ్ళి, పారతో పాటు తుపాకి కూడా తెచ్చారు.

"కొట్టువాడు జింకలకా, బాతులకా అనడిగాడు," అన్నారు కోటు విప్పుతూ.

"మీరేమన్నారు?"

"జనరల్‌గా కావాలన్నాను."

ఆ జనరల్ తుపాకిని ఆయన ఒక్కసారే కాల్చారు. సర్జన్ తన పొలం వెనక్కి తీసుకెళ్ళి, కంచెమీద డబ్బా నిలబెట్టి, కాల్చమన్నాడు. డబ్బాకేం కాలేదు. మా ఆయన భుజం వారం రోజులు వంకాయరంగులో ఉంది. తనకి తనే మందు రాసుకున్నారు. ఇక ఆ రోజు నుంచి తుపాకిని కాల్చకుండా కొనడం మొదలుపెట్టారు. అలాంటివాణ్ణి ఇక్కడ కలెక్టర్ అంటారట. మా నాన్న నన్ను కలెక్టర్‌కివ్వాలని ఎంతో ఆశపడ్డారు, ఆ ముచ్చట అలా తీరింది.

తుపాకులు ఎందుకన్నాను. ఈ ఊళ్ళో గౌరవం అన్నారు. నిజమే, గౌరవం వచ్చింది. "డాక్ కూడా మనవాడే" అని పేషెంట్లు మురిసిపోయి తమ అటకమీద ఉన్నవి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. కొన్ని ఈయన కొన్నారు, కొన్ని వాళ్ళిచ్చారు. చూస్తుండగానే హాల్లో అద్దాల బీరువా వెలిసింది. మా పెళ్ళికి నాకు రాని అద్దాల బీరువా తుపాకులకి వచ్చింది. వాటికి వారం వారం నూనె రాయాలని ఎవరో చెప్పారు. ఏ నూనో చెప్పలేదు. ఈయన కొబ్బరినూనె రాశారు. చలికాలం వస్తే గొట్టాలన్నిటిమీదా తెల్లగా పేరుకుని, హాలంతా జడ వేసుకోబోతున్న ఆడపిల్లల గదిలాగా వాసనొచ్చేది.

పదకొండోది మాత్రం వేరు. అది ఒక ముసలావిడ ఇచ్చింది. ఆవిడకి ఏదో ఆపరేషన్ జరిగింది. మత్తిచ్చే ముందు మా ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఏవో నాలుగు మాటలు మాట్లాడారట. అది ఆయన అందరికీ చేసేదే. ఆవిడకి మాత్రం అది మనసులో ఉండిపోయింది. కోలుకున్నాక పాత దుప్పటిలో చుట్టిన రైఫిల్‌తో మా ఇంటికొచ్చింది. "నా భర్తది. తలుపు పక్కనే పెట్టుకునేవాడు. పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన ఎలా వదిలి వెళ్ళాడో అలాగే ఉంది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు," అంది. మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలో కూడా. ఆవిడకి పులిహోర పెట్టాను. ఆవిడ చెప్పిన మాటలో అసలు విషయం ఏమిటన్నది మా ఇద్దరికీ తట్టలేదు. మాకు ఏడుపొచ్చింది, అంతే.

పొడుగాటి రైఫిల్. నడుం దగ్గర ఇత్తడి పసుపుపచ్చగా మెరిసేది. ట్రిగ్గర్ చుట్టూ ఇనప కడియంలాంటి లీవర్, దాన్ని కిందికి లాగితే తుపాకి తెరుచుకుంటుందట. 'ట' ఎందుకంటే మేం లాగలేదు. ఆవిడ అంత భక్తిగా ఇచ్చింది కదా అని దాన్ని బీరువాలో పెట్టకుండా, ఫైర్‌ప్లేస్ పైన వేంకటేశ్వరస్వామి పటం కింద రెండు మేకులు కొట్టి అడ్డంగా పెట్టాం. మూతి ఎటుండాలన్నది సమస్య అయింది. ఆ గోడకి దక్షిణమో, ఉత్తరమో రెండే దారులు. మా ఆయన కారులోంచి దిక్సూచి తెచ్చి అరగంట చూశారు. దక్షిణం యముడి దిక్కు, అటు వద్దన్నాను నేను. ఉత్తరం వైపు మా డైనింగ్ టేబులుంది. సరే, ఉత్తరం కుబేరుడిది, మంచిదేనని అటు తిప్పి పెట్టాం.

ఆ ఏడాదే తుపాకులకి ఆయుధపూజ మొదలైంది. చుట్టుపక్కల అరవై మైళ్ళలో నాలుగు తెలుగు కుటుంబాలు. మహానవమి ఏ వారం వచ్చినా మేం దాన్ని శనివారానికి జరిపేవాళ్ళం, అమ్మవారు కూడా వీకెండ్ అర్థం చేసుకుంటుందని. అంతకుముందు ఆయుధాలంటే స్టెతస్కోపు, కారు తాళాలు, నా కుట్టుమిషను. ఈసారి మా ఇంట్లో నిజం ఆయుధాలున్నాయి. మిగతా మూడు కుటుంబాల మొహాలూ చిన్నబోయాయి. కెమికల్ ఫ్యాక్టరీలో ఇంజినీరు ఒకాయన తన కాలిక్యులేటర్‌ని తుపాకుల వరస పక్కన పెట్టలేక జేబులోనే ఉంచుకున్నాడు. పూజయ్యాక ఆడా మగా తలా ఒక తుపాకి పట్టుకుని, ఒకళ్ళ మీదికి ఒకళ్ళు గురిపెట్టుకుని, నవ్వుతూ ఫొటోలు దిగి ఇండియాకి పంపుకున్నారు. అక్కడివాళ్ళు మేం డాక్టర్లమనుకున్నారో, బందిపోట్లమనుకున్నారో తెలియదు.

వరసలో పెద్దది ముసలావిడ రైఫిలే. దాన్ని కిందికి దించి, పీటమీద నిలబెట్టి, గోడకి ఆనించేవాళ్ళం. ఇత్తడికి పసుపు, కర్రకి గంధం. లీవర్‌కి, కర్రకి కలిపి పసుపుతాడుతో తోరం నేనే కట్టాను. కట్టి, "దీన్ని విప్పకూడదు, దానంతటది ఊడిపోవాలి," అన్నాను. ఆ నియమం ఎవరు పెట్టారో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మా అమ్మ చెప్పలేదు. మా అత్తగారు చెప్పలేదు. ఆ క్షణంలో నా నోటికొచ్చింది, అందరూ తలూపారు, అది శాస్త్రమైపోయింది. మరుసటి ఏడు పాత తోరంమీదే కొత్త తోరం. అలా ఆరేళ్ళలో ఆరు తోరాలు పడ్డాయి. లీవర్ కదలడానికి వీల్లేకుండా బిగుసుకుపోయింది.

మూతికి బొట్టుపెట్టడం మా అమ్మాయి పని. మొదటిసారి దానికి రెండేళ్ళు. పెద్దవాళ్ళ వేలు గొట్టం చివర సరిగ్గా ఆనదు, దాని వేలైతే చక్కగా ఇమిడేది. నేను నడుం పట్టుకుని ఎత్తితే, కుంకంలో ముంచిన వేలు ఆ కన్నంలో పెట్టి తిప్పి, తర్వాత నుదురు ఆనించేది. ఒక ఏడు ఆ కన్నంలోకి ఒక కన్ను మూసి చూస్తూ, "అమ్మా, లోపల ఎవరున్నారు?" అనడిగింది. అందరూ మురిసిపోయారు. "దేవుడున్నాడమ్మా, దణ్ణం పెట్టుకో," అన్నాను.

ఇక ఆ రైఫిల్ మహిమలు మొదలయ్యాయి. మా ఆయన బోర్డు పరీక్ష ప్యాసయ్యారు, దాని చలవే. నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, నాలుగోసారి వెళ్తే ఎవరికైనా వస్తుంది, అయినా దాని చలవే. ఇంజినీరుగారి భార్య గర్భవతయింది. అందులో దాని పాత్ర ఏముందో గానీ, ఆవిడ కొబ్బరికాయ తెచ్చి దాని ముందే కొట్టింది. ఒకసారి పూజ మధ్యలో నా చీరకొంగు తగిలి రైఫిల్ పీటమీంచి జారి దభీమని పడింది. అక్కడున్న పన్నెండుమందీ ఒక్క క్షణం బిగుసుకుపోయాం. ఎందుకనుకున్నారు? అపచారమని. గబగబా లేపి, దానికి తగిలిన కాలు ఎవరిదో వెతికి, ఆ మనిషి చేత కళ్ళకద్దించి, అందరం లెంపలేసుకుని ఊపిరి పీల్చుకున్నాం.

ఎనభై అయిదు వేసవిలో అమ్మాయికి ఎనిమిదేళ్ళు. క్లాస్‌మేట్ పుట్టినరోజని రెండిళ్ళ అవతలికి పంపాను. ఇంకా కేకు కోసే వేళ కూడా కాలేదు, ఆ పిల్ల తల్లి మా అమ్మాయి చెయ్యి పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మొహంలో నెత్తురుచుక్క లేదు, కళ్ళనిండా నీళ్ళు.

"మీ పాప తప్పేం చేయలేదు, హనీ. కానీ వంటింటి తలుపు పక్కన మా ఆయన తుపాకి ఉంది. అలా పెట్టడం ఆయనదే తప్పు. మీ పాప నేరుగా వెళ్ళి దాని మూతికి నుదురానించి, కళ్ళు మూసుకుని నిలబడింది. అది లోడయి ఉంది."

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అది మా ఆచారం," అన్నాను.

ఆవిడ అమ్మాయిని నా వైపు జరిపింది. "మా ఇంట్లో కూడా ఒక ఆచారం ఉంది. ఏ తుపాకైనా సరే, లోడయి ఉందనే అనుకోవాలి. ఖాళీ అని తెలిసినా సరే."

"మావి ఖాళీవేనండీ."

"ఎవరు చూశారు?"

"మా ఆయన," అన్నాను ఠక్కున.

ఆవిడ వెళ్ళాక అమ్మాయి నిలబడినచోటే నిలబడింది. "అమ్మా, నేను నమస్తే పెట్టా, అంతే. ఆంటీ ఎందుకు క్రై చేసింది?" అంది. మన ఇంట్లో దేవుడు పక్కింట్లో దేవుడు కాదని ఎనిమిదేళ్ళ పిల్లకి ఎలా చెప్పను? కనబడ్డ ప్రతి తుపాకికీ నా కూతురు నుదురు ఆనిస్తుంది, అలా నేర్పింది నేనే. మెట్లమీద కూలబడ్డాను.

సాయంత్రం ఆయన రాగానే అడిగాను. "మన తుపాకులు ఖాళీవని మీరు చూశారా?"

"చూడ్డానికేముంది? నేనెప్పుడైనా తూటాలు కొన్నానా? కొననివి లోపలికెలా వస్తాయి?"

మనిషి డాక్టరు. ఆస్పత్రిలో గ్యాస్ సిలిండరు, గొట్టాలు, మీటర్లు మూడుసార్లు చూసుకుని గానీ పేషెంటుని ముట్టుకోరు. నర్సు చూశానంటే కూడా నమ్మరు, "నేను చూడాలి" అంటారు. ఇంట్లో మాత్రం కొననివి ఎలా వస్తాయన్న తర్కం సరిపోయింది. నాకూ సరిపోయిందనుకోండి. కానీ అమ్మాయి సంగతి వేరు. "ఇవన్నీ పోవాలి. అది తుపాకి చూస్తే భయపడాలి. ఇంట్లో ఇవున్నంత కాలం భయపడదు," అన్నాను.

అదృష్టమో ఏమో, అప్పుడే ఆయనకి వర్జీనియాలో ఉద్యోగం వచ్చింది. హెర్న్‌డన్‌లో టౌన్‌హౌస్ చూసుకున్నాం. పక్కింటి గోడా మన గోడా ఒకటే, క్లోజెట్లు అగ్గిపెట్టెలంత. అద్దాల బీరువా పట్టదు. ఏవి ఉంచుకోవాలో, ఏవి అమ్మాలో తేల్చడానికి ఆయన పసుపురంగు ప్యాడ్ తీసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. మధ్యలో గీత కొట్టారు. ఉంచుకునే వైపు తొమ్మిది రాశారు. అమ్మే వైపు రెండు. ఆ రెండింట్లో ఒకటి పిట్టల్ని కొట్టే గాలితుపాకి.

"ఏమండీ, ఆ రివాల్వర్ ఎందుకు?"

"దొంగలొస్తేనో? సెల్ఫ్ డిఫెన్సే అది."

ఆ రివాల్వర్ బ్యాంకు లాకర్లో నా నగల పక్కన ఉండేది. ఇంట్లో ఉంటే ప్రమాదమని ఆయనే అక్కడ పెట్టారు. "అయితే దొంగల్ని సోమవారం పొద్దున తొమ్మిదింటికి, బ్యాంకు తెరిచాక రమ్మందాం," అన్నాను. మూతి ముడుచుకుని అమ్మే వైపు రాశారు.

జంటగొట్టాల షాట్‌గన్ దగ్గర రెండు రోజులు ఆగిపోయాం. దాని కర్రమీద జింక బొమ్మ చెక్కి ఉంది. "ఇందులో ఆర్ట్ ఉందే, నీకు తెలీదు," అన్నారు. జింకని కోసి ఫ్రేము కట్టిద్దామన్నాను. ఇంకొకటి ఎందుకంటే సర్జన్ ఇచ్చాడు. ఇంకొకటి ఎందుకంటే సర్జన్ దగ్గర అలాంటిది లేదు. జనరల్ తుపాకి దగ్గరికొచ్చేసరికి పెన్ను పక్కన పెట్టేశారు. "ఫస్ట్ గన్నే అది," అన్నారు. మా అమ్మాయి మొదటిసారి నడిచిన రోజు ఆయనకి గుర్తులేదు, నేనడిగాను. ఆ తుపాకి కొన్న రోజు పడిన మంచు ఎన్ని అంగుళాలో చెప్పగలరు.

నన్నంటే తప్పులేదు, ఆ వారమంతా నేను ఆయన్ని నమిలేశాను. పాపం ఆయనకీ తెలుసు, ఆ ఊళ్ళో తనని నలుగురిలో కలిపింది వైద్యం కాదు, ఈ ఇనప ముక్కలేనని. హెర్న్‌డన్‌లో మళ్ళీ మఫ్లర్ చుట్టుకున్న పొడుగాటి మనిషే మిగులుతారు. అది నాకు అప్పుడూ తెలుసు. తెలిసే వదిలిపెట్టలేదు. తొమ్మిది ఏడయింది, ఏడు నాలుగయింది, ఆదివారానికి ఉంచుకునేవైపు ఒకటే మిగిలింది. ఫైర్‌ప్లేస్ మీది రైఫిల్.

ఆయన పెన్ను ఎత్తి నా మొహంలోకి చూశారు. "ఇది కూడానా?"

ఇక్కడ నేను చేసిన పని ఉన్నదున్నట్టు రాయాలి. పదింటినీ వారం రోజులుగా తరిమిన నేను, పదకొండోదాని దగ్గర తలొంచుకున్నాను. ఆరు తోరాలు కట్టిన చేతులు నావి. ఇన్నాళ్ళూ పూజించినదాన్ని అమ్మితే ఏమవుతుందోనని బెదురు. అమ్మాయి కూడా నా పక్కన చేరి, "అమ్మవారిని సెల్ చేస్తే బాడ్ కదమ్మా?" అంది. "దాన్ని అమ్మొద్దులెండి. మిగతావి పోతే చాలు. అది దేవుడి గదిలో ఒక మూల ఉంటుంది," అన్నాను. మా ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలాగా వెలిగిపోయింది.

కొనేవాడు పక్క ఊరినుంచి పికప్‌లో వచ్చాడు. లావాటి మనిషి, ప్యాంటుకి భుజాలమీంచి పట్టీలు, దారంతో మెడలో వేలాడే కళ్ళద్దాలు. బీరువా తలుపు తీయగానే ఆగి, ముక్కెగరేసి, "ఏంటా వాసన?" అన్నాడు.

"కోకోనట్ ఆయిల్," అన్నారు మా ఆయన గర్వంగా.

అతను ఒక్కొక్కటీ తీశాడు. ప్రతిదాన్నీ ముందు మనుషుల్లేని గోడవైపు తిప్పాడు. తెరిచాడు, చూశాడు, చిటికెనవేలు పెట్టి చూశాడు, మళ్ళీ చూశాడు, అప్పుడు పాత దుప్పటిమీద పడుకోబెట్టాడు. లాకర్లోంచి తెచ్చిన రివాల్వర్‌నీ అలాగే చేశాడు. "ఖాళీవే, నేను గ్యారంటీ," అంటూ మా ఆయన పక్కనుంచి చెబుతూనే ఉన్నారు. అతను "యెస్, డాక్," అంటూనే చూస్తున్నాడు.

"మూతుల దగ్గర ఈ ఎరుపేంటి? తుప్పు కాదే."

మా ఆయన ఆయుధపూజ గురించి పది నిమిషాలు చెప్పారు. అతను ఓపిగ్గా విన్నాడు. "మా చర్చిలో తుపాకి బయట పెట్టి రమ్మంటారు," అన్నాడు. కుంకం వల్ల, పసుపు వల్ల, నూనె వల్ల రేటు సగానికి తగ్గించాడు. పది దుప్పట్లలో పది తుపాకులు చుట్టాక అతని చూపు ఫైర్‌ప్లేస్ మీదికెళ్ళింది.

"అది నాట్ ఫర్ సేల్," అన్నాం ఇద్దరం ఒకేసారి.

"కొననులెండి. ఇప్పుడలాంటివి కనబడవు. ఒకసారి చూడనివ్వండి చాలు."

మా ఆయనకి కావలసిందీ అదే. దించి చేతిలో పెట్టారు. అతను దాన్ని గోడవైపు తిప్పి, లీవర్ దగ్గర వేలు పెట్టి, ఆ పసుపు ముద్దని చూసి, జేబులోంచి చాకు తీశాడు. నేను చాకు మీదికి చెయ్యి అడ్డం పెట్టాను. "కోయకూడదు. అంతగా చూడాలంటే నేను విప్పుతాను." శాస్త్రం నాదే కదా, సడలించే అధికారం కూడా నాదే.

డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని నేనూ అమ్మాయీ కూర్చున్నాం. ఆరేళ్ళ ముడులు, నూనె కారి బంకలాగా అయ్యాయి. అమ్మాయి గోళ్ళతో గీకుతోంది. ముడి అందడానికి నేను రైఫిల్‌ని కాస్త నావైపు జరుపుకుంటే అతను రెండు వేళ్ళతో దాని మూతిని గోడవైపు జరిపాడు. కాసేపటికి అమ్మాయి లాక్కుంది. మళ్ళీ జరిపాడు. ట్రిగ్గర్ దగ్గరికి పిల్ల చెయ్యి పోతే ఆ చేతిని మెత్తగా పక్కకి పెట్టాడు. ఎంత చాదస్తం మనిషి అనుకున్నాను. చివరి తోరం విడిపోయింది. అతను తీసుకుని, లేచి, గోడవైపు తిరిగి, లీవర్ కిందికి లాగాడు.

టంగుమంది. ఏదో ఎగిరి టేబుల్ మీద పడి, దొర్లి, పసుపుతాళ్ళ మధ్య ఆగింది.

అతను ఇంకా లాగాడు. ఇంకొకటి పడింది. ఇంకొకటి. మొత్తం అయిదు. అయిదూ వరసగా పెట్టి, మొదట పడినదాన్ని వేరుగా తీసి, వెలుగులో తిప్పి చూశాడు.

"ఇది గొట్టంలోనే ఉంది, డాక్. వెనక తూటాని కొట్టే సుత్తి దీని మీదే ఆని ఉంది. ట్రిగ్గర్ నొక్కాల్సిన పనికూడా లేదు. గట్టిగా కిందపడితే చాలు."

మా ఆయన కుర్చీ వెతుక్కుంటూ వెనక్కి నడిచారు. దొరక్క నేలమీదే కూర్చున్నారు. "నేను చూడలేదు," అన్నారు. ఎవరూ అడగలేదు. "నేను చూడలేదు. నేను చూడలేదు." ఆస్పత్రిలో మూడుసార్లు చూసుకునే మనిషి మూడుసార్లు అన్నారు. నేను ఆయన్ని దెప్పడానికి నోరు తెరిచాను. దభీమని పడిన రోజు లెంపలు వేసుకున్న పన్నెండుమందీ కళ్ళముందు నిలబడ్డారు. ఆ పన్నెండుమందిలో అయిదుగురు పిల్లలు. మేం క్షమించమని అడుగుతున్నది తుపాకిని.

టేబుల్ చుట్టూ ఉన్న నాలుగు కుర్చీలూ చూశాను. ఆరేళ్ళూ అమ్మాయి గోడవైపు కుర్చీలోనే కూర్చుని అన్నం తినేది. యముడి దిక్కుకి తిప్పకూడదని దిక్సూచి పెట్టి మరీ రైఫిల్‌ని పిల్ల కంచం వైపు తిప్పాం.

"దీన్ని కూడా తీసుకెళ్ళండి," అన్నాను. "రేటు చెప్పొద్దు. తీసుకెళ్ళండి."

అతను తీసుకెళ్ళాడు. మిగతావాటికి ఇవ్వాల్సింది ఇచ్చి, దీనికి కూడా ఎంతో కలిపి టేబుల్ మీద పెట్టాడు, నేను లెక్కపెట్టలేదు. గుమ్మం దాటేముందు టోపీ తీసి, "అన్నీ చూశాను, మేడమ్. ఆ పదీ ఖాళీవే," అన్నాడు. నన్ను ఊరడించడానికే అన్నాడు. వారం రోజులు కొట్లాడి ఇంట్లోంచి పంపించిన పదీ ఖాళీవి. చేతులడ్డం పెట్టి ఉంచుకుందామన్న ఆ ఒక్కటే నిండుగా ఉంది.

పికప్ వెళ్ళిపోయాక అమ్మాయి తోరాలన్నీ ఏరి గుప్పిట్లో పట్టుకుని అడిగింది. "అమ్మా, నేను వేలు పెట్టినప్పుడు కూడా అది లోపలే ఉందా?"

అప్పుడొకసారి ఇదే ప్రశ్నకి జవాబు చెప్పాను. ఈసారి, "ఉంది," అన్నాను.

హెర్న్‌డన్‌లో చాలామంది తెలుగువాళ్ళున్నారు. దసరాకి కారు టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం, స్టెతస్కోపుకి బొట్టు పెడతాం. మా తుపాకుల కథ మా ఆయనే చెబుతారు, రివాల్వర్ని లాకర్లో పెట్టిన దగ్గర అందరూ పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. పదకొండోదాని దాకా ఆయన రారు.

ఆ ఫొటో మాత్రం ఆల్బంలో ఉంది, చించలేదు. పీటమీద రైఫిల్, మెడ నిండా పసుపు, మూతిమీద నుదురానించి కళ్ళు మూసుకున్న మూడేళ్ళ పిల్ల. దాని నడుం పట్టుకుని, ఇంకాస్త ముందుకి వంచి, కెమెరా వైపు చూసి నవ్వుతున్నది నేను.